గీత మీది మాట

విశాఖలో తుఫాను పాఠాన్ని పిల్లలకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు గురించి ఇంటింటా ఒక కథ ఉంటుంది. అయినా ఆ పాఠాన్ని బట్టీ పట్టి అప్పజెప్పడం చూడలేక, ఈ ఏడాది నా తొమ్మిదో తరగతి చేత కంప్యూటర్‌లో కాన్సెప్ట్ మ్యాపులు, అంటే విషయాలను పెట్టెల్లో రాసి గీతలతో కలిపే పటాలు, గీయించాను.

1972లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం రూపొందించిన ఈ పద్ధతిలో పెట్టెల కంటే, వాటిని కలిపే గీత మీద రాసే మాటే ముఖ్యం. "సముద్రపు వేడి", "ఆవిరి" అని రెండు పెట్టెలు పెట్టడం ఎవరికైనా వచ్చు. మధ్యలో "ఎక్కువైతే పెరిగేది" అని రాయాలంటే మాత్రం విషయం అర్థమై తీరాలి.

మత్స్యకారులుండే జాలారిపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి "తుఫాను" నుంచి "వేట నిషేధం" వరకు గీత గీసి, దాని మీద "కారణం" అని రాసింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే ఆ 61 రోజుల విరామం చేపలు గుడ్లు పెట్టే కాలం కోసమని, తుఫాను హెచ్చరికప్పుడు పడవలు ఆపడం వేరే సంగతని నేను చెప్పాక, ఆమె గీతను చెరపకుండా దాని మొదలును లాగి "చేపల సంతానోత్పత్తి"కి తగిలించింది. రాతపరీక్షలో ఆ పొరపాటు నాకు ఎన్నటికీ కనిపించేది కాదు.

నేనే గీసిన పటాన్ని తెర మీద చూపి ఊరుకోవడంలో ఈ ఫలితం లేదు. అందుకే ఒక్కో కంప్యూటర్ దగ్గర ఇద్దరిని కూర్చోబెడుతున్నాను. గీత మీద ఏ మాట రాయాలా అని వాళ్లు వాదించుకునేటప్పుడు నేను పక్కన నిలబడి వింటున్నాను.