వారు వీరని చూడని నది

త్యాగరాజస్వామి ఆరాధన రోజున, పుష్య బహుళ పంచమి నాడు, కావేరి ఒడ్డున తిరువయ్యారు పందిట్లో చోటు దొరకాలంటే చీకటితోనే వెళ్లి కూర్చోవాలి. మేము వెళ్లేసరికి బాగా తెల్లారింది. ముందు వరసలన్నీ విద్వాంసులవి. వాళ్ల వెనక సంగీతం నేర్చుకునే పిల్లలు, ఆ వెనక మాలాంటి వాళ్లం. త్యాగరాజస్వామి ఇంటి దగ్గర బయల్దేరిన ఉంఛవృత్తి భజన సమాధి దాకా వచ్చింది. నాదస్వరం అయింది. వేణువుల మీద ‘చేతులార శృంగారము’ అయింది. తర్వాత అయిదు పంచరత్న కీర్తనల్లో మొదటిది, నాటలో ‘జగదానందకారక’ ఎత్తుకున్నారు. లోపల సమాధికి అభిషేకం, బయట వందల గొంతులు.

నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది, అయ్యర్ల కట్టు తొమ్మిది గజాల చీరలో. ఆవిడ చేతిలో తమిళ లిపిలో అచ్చువేసిన పుస్తకం. ఆ లిపిలో కకారానికీ గకారానికీ ఒకటే అక్షరం. అయినా ఆవిడ ఎక్కడా తడుముకోలేదు. తెలుగు పుస్తకం పట్టుకున్న నేనే వరాళి కీర్తనలో చరణాల వరస తప్పి, పెదవులు ఊరికే కదిపాను. ఆవిడ ఓరగా చూసి, తన పుస్తకంలో మేమున్న చోటు వేలితో చూపించింది. నాకు తమిళం చదవడం రాదని ఆవిడకేం తెలుసు?

అయిదు కీర్తనలూ అయ్యాక జనం కాఫీలకి లేచారు. నేను మెట్లు దిగి కావేరి దగ్గరికి వెళ్లాను. పందిరికీ నీళ్లకీ మధ్య నాలుగడుగులే. అక్కడ నిలబడ్డాక తట్టింది: ఇంతసేపూ ఇంతమందిమి పాడిన అయిదింటిలో ఒక్కటీ ఈ నది గురించినది కాదు. ఈ నది మీద స్వామి పాడింది వేరే ఉంది, ఆసావేరి రాగంలో.

సారి వెడలిన ఈ కావేరిని జూడరే

చిన్నప్పుడు నేర్చుకున్న పాట. అప్పట్లో స్వరం తప్పకుండా ఉంటే చాలు, మాట ఎవరికి కావాలి? ఇప్పుడు మాటే ముందు వినిపిస్తోంది. ‘వెడలిన’ అంటే బయల్దేరిన. ఎక్కడికో ప్రయాణమై, ముస్తాబై, గడప దాటిన మనిషిని చూసినట్టు చూస్తున్నాడాయన నదిని. ‘జూడరే’ అని అందర్నీ వాకిట్లోకి కేకేస్తున్నాడు. మొదటి మాట ‘సారి’కి పండితులు చెప్పే అర్థాలు వాళ్లు చెబుతారు. నాకు మాత్రం ఆ మాట వినగానే మనింటి సారె గుర్తొస్తుంది. చలిమిడి, పసుపుకుంకుమలు, కొత్త చీర పట్టుకుని అత్తవారింటికి బయల్దేరిన ఆడపిల్ల. ఇది వ్యాకరణం కాదు, నా ఇష్టం, అంతే.

అయితే ఈ ఇష్టానికి అక్కడ ఒక ఆసరా దొరికింది. తమిళుల ఆడి నెల పద్దెనిమిదో రోజు, అంటే ఆగస్టు మొదట్లో, కావేరి ఒడ్డున ఆడిపెరుక్కు చేసుకుంటారు. నీరు పెరిగే రోజు అది. ఆడవాళ్లు రేవుకి వచ్చి పసుపుతాడు, నల్లపూసలు, తాటాకు కమ్మలు నదికి ఇస్తారు. ఇంట్లో కలిపి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం ఒడ్డునే కూర్చుని తింటారు. కడుపుతో ఉన్న ఆడపిల్లకి చేసే ముచ్చట్లన్నీ నిండుగా పారే నదికి చేస్తారు. ఆ నెలలోనే శ్రీరంగంలో రంగనాథుడి ఉత్సవమూర్తి అమ్మ మండపం రేవుకి వచ్చి కావేరమ్మకి చీర, పసుపు, పూలమాలలు ఇస్తాడు. వాళ్లు దాన్ని ‘సీర్’ అంటారు. మనం సారె అంటాం. మాది కృష్ణ ఒడ్డు. కాస్త అటూ ఇటూగా అవే రోజుల్లో, మన ఆషాఢంలో, బెజవాడ కొండ మీద కనకదుర్గమ్మకి ఊళ్ల నుంచి ఆడవాళ్లు సారె పట్టుకెళ్తారు. అందుకే ఆ రేవు నాకు పరాయి రేవు అనిపించలేదు.

మొదటి చరణంలో స్వామి నదికి మూడు నడకలు చెప్పాడు.

దూరమునను ఒక తావున గర్జన భీకరము
ఒక తావున నిండు కరుణతో
నిరతముగ నొక తావున నడుచుచు

కొడగు కొండల్లో తలకావేరి దగ్గర పుట్టి, శివసముద్రం దగ్గర, హొగెనకల్ దగ్గర బండల మీంచి దూకే నది ఇది. అక్కడ గర్జనే. మైదానానికి వచ్చేసరికి కరుణ. ఇక్కడ తంజావూరు సీమలో మడి నుంచి మడికి, ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు, నిదానంగా నడక. ముగ్గురు మనుషుల్ని వర్ణించినట్టుంది గానీ ఒక్క మనిషే. అమ్మని ఎరిగినవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. కోపంగా ఉన్నప్పుడు ఇంటి పెంకులెగిరేవి, జ్వరమొస్తే రాత్రంతా తలాపినే, మామూలు రోజుల్లో అసలు ఇంట్లో ఉందో లేదో కూడా తెలియనంత నెమ్మదిగా తన పని తాను. నది మీద పాడుతూ ఆయన అమ్మవారి మూడు రూపాలు చెప్పాడనేవాళ్లున్నారు, చెప్పుకోవచ్చు. నాకు ఆ ‘నిరతముగ’ దగ్గర ఆగిపోవడమే ఇష్టం. గర్జననీ కరుణనీ ఎవరైనా గమనిస్తారు. రోజూ నడవడాన్ని గమనించినవాడు మాత్రం రోజూ అదే రేవులో మునిగినవాడై ఉండాలి.

రెండో చరణంలో కోకిలలు కూస్తుంటే ఆమె రంగేశుణ్ణి చూసి, ‘ఈరేడు జగములకు జీవనమైన మూడు రెండు నదీనాథుని’ చూడడానికి వస్తోంది. మూడూ రెండూ అయిదు. తిరువయ్యారు పేరే అది, ‘తిరు ఐ ఆరు’, అయిదు నదుల ఊరు. కావేరి, కుడమురుట్టి, వెట్టారు, వెన్నారు, వడవారు. అందుకే ఇక్కడి శివుడు పంచనదీశ్వరుడు. పైనున్న శ్రీరంగంలో విష్ణువుని చూసి, దిగువకి వచ్చి శివుణ్ణి చూసే నది. దారి ఎలా ఉందో పాట కూడా అలాగే ఉంది, ఒక్క ఊరు కూడా ముందువెనకలు కాలేదు. పద్నాలుగు లోకాలకీ ‘జీవనమైన’వాడు అన్న మాట ఇంకా తమాషా. జీవనం అంటే బతుకే కాదు, నీళ్లు కూడా. అమరకోశంలో నీటి పేర్ల వరసలో ఉంది చూడండి, ‘పయః కీలాలమమృతం జీవనం భువనం వనమ్’. లోకాలకి నీరైన దేవుణ్ణి చూడడానికి నీరే నడిచి వెళ్తోంది.

ఈ ఆసావేరికి సంబంధించి ఇంకొక కథ ఉంది. స్వామి అన్నగారు కోపంతో శ్రీరాముడి విగ్రహాల్ని కావేరిలో పారేశాడని, స్వామి వాటి కోసం ఏడ్చి ఏడ్చి తిరిగాడని, చివరికి ఇసుకలో దొరికాయని అంటారు. ఆ విగ్రహాల్ని ఎత్తుకుని ఇంటికి నడుస్తూ ‘రారా మా ఇంటిదాక’ పాడాడట. అదీ ఆసావేరే. మింగిందీ ఈ నదే, దాచి ఇచ్చిందీ ఈ నదే. ఆ తర్వాత కూడా ఆయన దీన్ని ‘కన్యకామణి’ అనే పిలిచాడు.

ఇప్పుడు అనుపల్లవి. కావాలనే చివరికి ఉంచుకున్నాను.

వారు వీరనుచు జూడక తా నవ్వారిగా
నభీష్టముల నొసంగుచు

వాళ్లని, వీళ్లని చూడకుండా ధారాళంగా కోరినవి ఇచ్చేది. ఈ మాట రాసినవాడు ఆంధ్రదేశంలోని కాకర్ల నుంచి వలసపోయిన తెలుగు కుటుంబంలో 1767లో తిరువారూరులో పుట్టాడు. తమిళ దేశంలో, తెలుగులో, కన్నడ సీమలో పుట్టిన నదిని పాడాడు. నదికి ఆ తేడా లేదు. మనకి ఉంది. 2018లో సుప్రీంకోర్టు తమిళనాడుకి 404.25 టీఎంసీలు, కర్ణాటకకి 284.75 టీఎంసీలు అని తేల్చాల్సి వచ్చింది. వారికెన్ని, వీరికెన్ని అని. దాన్ని తప్పుపట్టి లాభం లేదు, పంట ఎండితే ఎవరైనా లెక్కే అడుగుతారు.

నన్ను కుదిపేది మాత్రం ఆ లెక్క కాదు. ఈ మాట రాసినవాడి సమాధి దగ్గర ఏం జరిగిందన్నది.

స్వామి 1847 జనవరి 6న సిద్ధి పొందారు. ఒడ్డున సమాధి కట్టారు. కాలం గడిచేకొద్దీ అది పాడుబడింది. 20వ శతాబ్దం మొదట్లో శిష్యపరంపరలోని వాళ్లు వెతికి బాగుచేసి ఆరాధన మొదలుపెట్టారు. పెట్టిన కొన్నేళ్లకే రెండు వర్గాలయ్యాయి, పెద్ద కట్చి, చిన్న కట్చి. దేవుడి పని కదా, తగాదా తప్పదు! కానీ ఒక్క విషయంలో మాత్రం తగాదా లేదు. ఆడవాళ్లు సమాధి ముందు పాడకూడదు.

అప్పుడు బెంగళూరు నాగరత్నమ్మ వచ్చింది. దేవదాసీ కుటుంబం, పేరుమోసిన గాయని. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని కావ్యాన్ని 1910లో పూర్తిగా అచ్చు వేయించి, ప్రభుత్వం నిషేధిస్తే కూడా బెదరని మనిషి. సమాధి ఉన్న స్థితి చూసి తట్టుకోలేక, ఆర్జించినదంతా తెచ్చి ఇక్కడ పోసింది. స్థలం కొంది, గుడి కట్టించింది, విగ్రహం చేయించింది. 1925లో కుంభాభిషేకం జరిగింది. ఇంత చేసినావిడకి ఆ గుడి ముందు పాడే వీల్లేదన్నారు. ఆవిడ సమాధి వెనక వైపున ఆడవాళ్లని పోగేసి వేరే ఆరాధన పెట్టింది. ముందు మగవాళ్లు, వెనక ఆడవాళ్లు, పక్కన కావేరి. 1940–41 ప్రాంతంలో గానీ వర్గాలన్నీ కలవలేదు. అందరూ కూర్చుని పంచరత్నాలు ఒక్క గొంతుగా పాడే ఈ పద్ధతి కూడా ఆ తర్వాత స్థిరపడిందే. నేనూ పక్కనున్న పెద్దావిడా ఆ పొద్దున అక్కడ నోరు విప్పగలిగామంటే అది నాగరత్నమ్మ చలవ.

నాగరత్నమ్మ 1952లో పోయింది. ఆవిడ విగ్రహం స్వామి సమాధికి ఎదురుగా, చేతులు జోడించి కూర్చుని ఉంటుంది. పందిట్లోకి వెళ్లే హడావుడిలో చాలామంది చూడకుండానే దాటిపోతారు. వీలైతే ఒక్క పువ్వు అక్కడ పెట్టండి.

ఇంకొక సంగతి. ఎగువన కావేరి మీదున్న మెట్టూరు డ్యామ్‌ని ఆనవాయితీ ప్రకారం జూన్ 12న తెరిచి జనవరి 28న మూస్తారు. పంచమి తిథి దాదాపు ఎప్పుడూ జనవరిలోనే వస్తుంది కాబట్టి, వానలు సరిగ్గా పడిన ఏడాది ఆరాధనకి నది నిండుగానే ఉంటుంది. కానీ 2024లో పంచమి జనవరి 30న వచ్చింది. అలాంటి ఏడాదో, వానలు లేని ఏడాదో వెళ్తే మెట్ల కింద ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. నేను వెళ్లినప్పుడు అదృష్టం, మోకాళ్ల దాకా నీళ్లున్నాయి.

పెద్దావిడ కూడా కాళ్లు కడుక్కోవడానికి మెట్లు దిగి వచ్చింది. నేను లోలోపల పాడుకుంటున్నది పైకే వినిపించినట్టుంది. దగ్గరికొచ్చి తమిళంలో అడిగింది, “తెలుగా అమ్మా?” అని. అవునన్నాను. “అయితే ఒకటి చెప్పు. నలభై ఏళ్లుగా పాడుతున్నాను, ‘నవ్వారి’ అంటే ఏమిటి?”

నాకు నవ్వొచ్చింది. నిఘంటువు తీసేదాకా నేనూ దాన్ని అలాగే పాడాను. “నవ్వారి కాదు మామీ, అవ్వారి. తాను, అవ్వారిగా. రెండూ కలిసిపోయాయి. అడ్డూ అదుపూ లేకుండా అని.”

ఆవిడ ఒక్క క్షణం నీళ్లకేసి చూసింది. తర్వాత ఆ ముక్క విడదీసి పాడింది, తాను అని ఆగి, అవ్వారిగా అని. తాళం తప్పింది. మళ్లీ కలిపి పాడింది. ఆ పాటలో వాక్యం ఎక్కడా పూర్తికాదు. ‘ఒసంగుచు’, ‘నడుచుచు’, ‘జూడ’, ‘ముద్దుగ’ అంటూ ప్రతి చరణమూ సగంలో ఆగి, మళ్లీ ‘సారి వెడలిన’ దగ్గరికే రావాలి. మేమిద్దరం వచ్చాం. పైన మైకులో తర్వాతి విద్వాంసుడి పేరు పిలుస్తున్నారు. ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఇంకొక్కసారి అంది.