కేస్ షీట్‌లో ఒక్క ముక్క

బాపును నిన్ననే ఇంటికి తెచ్చుకున్నాం. హిమోగ్లోబిన్ 5.8 నుంచి 9.4కు వచ్చింది. నా కోపం మాత్రం తగ్గలేదు.

మూడు రోజులు తారు రంగులో విరేచనాలు, నాలుగో రోజు రక్తం. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. నోటి నుంచి గొట్టం వేసి కడుపు చూసే ఎండోస్కోపీలో ఏమీ లేదు. పెద్దపేగు చూసే కొలనోస్కోపీలో పేగు నిండా రక్తమే, ఎక్కడ కారుతోందో కనబడలేదు.

డ్యూటీ డాక్టర్ మొదటి మాటే "ఎంత తాగుతడు?" వరంగల్ కొత్తవాడలో నలభై ఏళ్లు జంపఖానాలు నేసిన మనిషి, దసరాకు కూడా కల్లు ముట్టడు. అదే చెప్పాను. నర్సుకూ చెప్పాను, స్కానింగ్ దగ్గరా చెప్పాను. మూడో రోజు ఇన్సూరెన్స్ డెస్క్‌లో అమ్మాయి అందరి ముందే అన్నది: "తాగుడు వల్ల వచ్చిన జబ్బుకు మీ పాలసీ వర్తించదు సార్." చూస్తే కేస్ షీట్ మొదటి పేజీలో "రోజూ మద్యం అలవాటు" అని ఉంది! ఎవరు రాశారంటే ఒక్కరూ ఒప్పుకోరు. దిద్దాలంటే డాక్టర్ సంతకం కావాలి. ఆయన రౌండ్స్‌లో, ఆ తర్వాత ఓపీలో. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా తిరిగాను. లోపల బాపుకు మూడో యూనిట్ రక్తం ఎక్కుతోంది. "నేను తాగుతనని రాసిండ్రా బిడ్డా?" అని అడిగితే నోట మాట రాలేదు. రోగం వచ్చిన మనిషి పరువు కూడా తీయాలా?

చేర్పించిన రోజే మొదటి పేజీ చదవండి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

ఆ రాత్రే అంబులెన్స్‌లో హైదరాబాద్. రక్తం కారుతున్నప్పుడు తీస్తేనే కారే చోటు దొరుకుతుందని వెంటనే రక్తనాళాలను చూపే స్కాన్, సీటీ యాంజియో తీశారు. పెద్దపేగు కుడివైపు రక్తనాళాలు వంకరటింకరగా ఉబ్బి కారుతున్నాయి. యాంజియోడిస్ప్లేసియా అంటారు, వయసు మళ్లినవాళ్లలో ఎక్కువట. కోత లేదు, పూర్తి మత్తు లేదు. గజ్జ దగ్గర సూది గుచ్చి, సన్నటి గొట్టం ఆ నాళం దాకా పంపి, చిన్న లోహపు తీగచుట్టలతో (కాయిల్స్) మూసేశారు. ఆరు గంటలు కాలు కదపవద్దన్నారు. ఆ పేగు ముక్కకు రక్తం చాలకపోయే ప్రమాదం ఉంటుందని డాక్టర్ ముందే చెప్పారు. కడుపునొప్పి వస్తుందేమోనని రెండు రోజులు కనిపెట్టుకుని ఉన్నారు, రాలేదు. ఇలా గొట్టంతో నాళం మూసే డాక్టర్, అంటే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ ఉన్న ఆసుపత్రికి వెళ్లమని మొదటి రోజే ఒక్కరు చెప్పుంటే మాకు ఆ రోజులు మిగిలేవి.

ఇప్పుడు ఐరన్ మాత్రల వల్ల కూడా విరేచనం నల్లగానే వస్తోంది, అది చూసి అమ్మ టెన్షన్ పడుతోంది. సోమవారం మళ్లీ రక్త పరీక్ష. ఇక్కడే చేయిస్తాను, ఆ ఆసుపత్రిలో మాత్రం కాదు.