చిన్నాయన తెచ్చిన రిపోర్టు

పొద్దున్నే మర్రిగూడ నుంచి చిన్నాయన వచ్చాడు. చేతిలో రక్తపరీక్ష కాగితం. క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడగట్టి పారేయాల్సిన వ్యర్థం) 1.9, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. షుగర్ పాతదే, కిడ్నీ మాట మాత్రం ఇదే మొదలు.

"నొప్పి లేదు, మూత్రం మంచిగనే వస్తుంది. మరి కిడ్నీ ఎట్ల ఖరాబైంది బిడ్డా?"

జువాలజీ చెప్పేదాన్ని కదా, విడమరిచి చెప్పాలని కూర్చున్నాను. కిడ్నీలు రక్తం నుంచి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడగడితే బయటికి పోయేది లీటరున్నరో రెండో. మిగతాదంతా ఉప్పుతో, గ్లూకోజుతో సహా తిరిగి రక్తంలోకి తోడేది సన్నటి నాళికల కణాలే. అందుకే వాటి నిండా మైటోకాండ్రియాలుంటాయి. అవి ఎక్కువగా కొవ్వును కాల్చి, ఆక్సిజన్‌తోనే శక్తి పుట్టిస్తాయి.

"లో ఓల్టేజీల బోరు మోటరు నడిస్తే ఏమైతది చిన్నాయనా?"

"నీళ్లెక్కవు. మోటరు కాలుతది."

కిడ్నీలోనూ అదే. షుగర్ ఎక్కువైతే తోడాల్సిన గ్లూకోజు పెరుగుతుంది, అదే షుగర్ మైటోకాండ్రియాలనూ దెబ్బతీస్తుంది. కాలని కొవ్వు కణంలో పేరుకుంటుంది. దెబ్బతిన్న మైటోకాండ్రియాల డీఎన్‌ఏ బయటికి కారితే, ఏదో సూక్ష్మజీవి చొరబడ్డట్టు కణం వాపు రేపుతుంది. ఆ వాపు ఏళ్ల తరబడి ఆరకపోతే కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది. ఇంత జరిగినా నొప్పి ఉండదు. క్రియాటినిన్ పెరిగేసరికే కిడ్నీ సత్తువ చాలావరకు పోయి ఉంటుంది. నాకు మింగుడుపడనిది ఇదే.

ఇంకా భయపెట్టింది ఆయన జేబులోని నొప్పి గోలీల పట్టీ. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన తరం. మా వైపు మోకాళ్లు, నడుము పట్టేయని పెద్దమనిషి అరుదు. జంతువులపై చేసిన ప్రయోగాల్లో ఫ్లోరైడు కూడా కిడ్నీ కణాల మైటోకాండ్రియాలను దెబ్బతీసింది. దాని మీద ఈ గోలీలు. ఇవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో పత్తిచేనులో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగక, సాయంత్రం గోలీ వేసుకుంటే అసలే శక్తి చాలని కణానికి ఆక్సిజన్ కూడా కరువే. ఏ డాక్టరూ రాయకుండానే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటున్నాడట. పట్టీ తీసి నా దగ్గరే పెట్టుకున్నాను. కోపమొచ్చినట్టుంది, మాట్లాడలేదు. అయినా ఇవ్వను.

గ్లూకోజును మూత్రంలోకి వదిలేసి ఆ తోడే భారం తగ్గించే షుగర్ మందులు ఇప్పుడున్నాయి. ఆయనకు పనికొస్తాయో లేదో సోమవారం డాక్టరును అడగాలి. చిన్నమ్మకూ షుగరే, కిడ్నీ దెబ్బను ముందే పట్టిచ్చే పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అని చూసేది, ఒక్కసారీ చేయించలేదట. ఆమెనూ వెంట రమ్మని ఫోన్ చేశాను.