“ఏమప్పా, ఈ రెండు నెలలు ఏమైంది?”

మారతహళ్లి బ్యాంకులో లోన్లు చూసే మేడం స్క్రీన్ నా వైపు తిప్పి, రెండు గడుల మీద పెన్ను పెట్టి అడిగిన మాట ఇది. ఆమెది కన్నడం. మాతో మాట్లాడేటప్పుడు మాత్రం బెంగళూరు తెలుగు. అమ్మ వయసు ఉంటుంది. నేను బండి లోన్ కోసం వెళ్లాను.

అది నా అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టు, నెలకొక గడి. మిగతా గడులన్నిట్లో 000 ఉంది. ఒక్కచోట 024, దాని పక్కన 054. కట్టాల్సిన తేదీ దాటి అన్ని రోజులైందని అర్థం. పైన, అప్పులు ఎంత సరిగ్గా కడతామో చెప్పే సిబిల్ స్కోరు 668. 300 నుంచి 900 దాకా ఉండే ఈ లెక్కలో 750 దాటినవాళ్లకైతే బ్యాంకులు పెద్దగా ఆలోచించకుండా ఇస్తాయి.

ఏమైందో ఆమెకు చెప్పాను. మా చిన్నాయన కొడుకు ధర్మవరం నుంచి వచ్చి నా రూమ్‌లోనే ఉండేవాడు. డెలివరీ పనికి మంచి ఫోన్ కావాలన్నాడు. “అన్నా, నీ కార్డు మీద తీసుకో, నెలనెలా ఇచ్చేస్తా.” 18,000 ఫోన్, 9 నెలల ఈఎంఐ. నాలుగు నెలలు తప్పకుండా ఇచ్చాడు. ఐదో నెలలో బండి మీంచి పడి కాలు విరిగింది, ఊరికెళ్లిపోయాడు. కాలికి కట్టుతో మంచం మీదున్న తమ్ముణ్ణి డబ్బులెలా అడిగేది? నేనే కట్టాల్సింది. సరిగ్గా అప్పుడే నాయన బోరు వేయిస్తున్నాడు. జీతంలో మిగిలిందంతా ఊరికి పంపాను. కార్డు సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

“ఫోన్ ఎవరు వాడినారో ఇందులో ఉండదప్పా. కార్డు ఎవరిదో ఆ పేరే ఉంటుంది. ఇంకొకరి లోన్‌కి జామీను సంతకం పెట్టినా అంతే” అంది ఆమె.

నాకు గొంతు పట్టేసింది. ఎవరి సొమ్మూ ఎగ్గొట్టని ఇల్లు మాది. ఎరువుల అంగడిలో శెట్టి పద్దు రాసుకుంటే శెనక్కాయలు అమ్మాక నాయన తీర్చి వస్తాడు. వాన మొహం చాటేసిన ఏడాది శెట్టే వచ్చి మా అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, “వచ్చే పంటకు చూద్దాంలే” అని వెళ్లేవాడు. ఆయన పద్దులో కూడా అంకెలే ఉంటాయి. కానీ ఆ అంకె వెనక ఏం జరిగిందో ఆయనకు గుర్తుంటుంది. ఈ రిపోర్టుకు తేదీ ఒక్కటే గుర్తుంటుంది.

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. శెట్టి ఓపిక మా మూడు తరాలను ఎరిగిన ఓపిక. పక్క ఊరి మనిషి వచ్చి అడిగితే ఆయన బస్తా కూడా ఇవ్వడు. ఇక్కడ నన్నెవరు ఎరుగుదురు? ఇంటి ఓనరుకు కూడా నా పేరు సరిగ్గా రాదు. ఎవరూ ఎరగని ఊళ్లో నాకు లక్ష రూపాయల బండి ఇవ్వాలన్నా ఆ గడులను చూసే కదా. ఇది ఒప్పుకోవడానికి నాకు టైమ్ పట్టింది. ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడలేదు.

ఆ రోజు బ్యాంకులో వెనక లైన్ పెరుగుతున్నా మేడం ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చెప్పింది. కార్డు బిల్లులో మినిమమ్ డ్యూ, అంటే కనీసం కట్టాల్సినంత మాత్రమే కట్టి ఊరుకుంటే మిగతా దాని మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. చాలా కార్డుల మీద అది నెలకు మూడు, మూడున్నర శాతం. మా ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే జనం ముక్కున వేలేసుకుంటారు! కార్డు లిమిట్‌లో 30 శాతం లోపే వాడుకో, ఆటో డెబిట్ పెట్టి ముందురోజే ఖాతాలో డబ్బు ఉంచు, లోన్ కోసం ఒకేసారి నాలుగు బ్యాంకులకు అప్లై చేయకు అంది. ఎప్పుడైనా బ్యాంకు సగానికి ఒప్పుకుందని సంతోషపడి సెటిల్‌మెంట్ చేసుకోవద్దని రెండుసార్లు చెప్పింది. రిపోర్టులో అది ‘సెటిల్డ్’ అని పడుతుంది, ‘క్లోజ్డ్’ అని పడదు. తర్వాత అప్పిచ్చేవాళ్లకు ఆ తేడా బాగా తెలుసు. ఈ రిపోర్టులు తయారుచేసే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. నాలుగేళ్ల ఉద్యోగంలో నేను ఒక్కసారీ చూసుకోలేదు.

లోన్ మాత్రం ఇవ్వలేదు. ఆరు నెలలు సరిగ్గా కట్టి రమ్మంది. దానికి నాకు బాధ లేదు. ఏమైందప్పా అని అడిగింది, అది చాలు. ఆ రెండు నెలల్లో బ్యాంకు నుంచి ఎన్నో మెసేజ్‌లు, ఎన్నో కాల్స్ వచ్చాయి. ఒక్కరూ ఆ మాట అడగలేదు.

పోయిన వారం తమ్ముడు కాలు బాగై మళ్లీ వచ్చాడు. మిగతా ఈఎంఐల డబ్బు తెచ్చి దిండు కింద పెట్టాడు, చేతికివ్వడానికి మొహమాటం. రాత్రి భోంచేస్తూ, “అన్నా, నీ కార్డు మీద…” అని మొదలుపెట్టాడు. వాడికి లోన్ లేదు, కార్డు లేదు కాబట్టి స్కోరే లేదు. అలాంటివాళ్లు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ పెడితే దాని మీద కార్డు ఇస్తారని మేడం చెప్పిందే గుర్తొచ్చింది.

సోమవారం వాణ్ణి వెంటబెట్టుకుని, పదిహేను వేలతో అదే కౌంటర్‌కు వెళ్లాను. ఆమె నన్ను చూసి నవ్వి, ఫారం వాడి ముందుకు జరిపింది.

“నీ పేరేమప్పా?”