డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి వ్యాయామం: కుర్చీ దగ్గరే మొదలు

డయాలసిస్ మొదలైందనగానే ఇంట్లోవాళ్ళు మనిషిని మంచం దిగనివ్వరు. మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికే అందిస్తారు. అది ప్రేమే. కానీ వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మెషిన్ దగ్గర పడుకునే మనిషి మిగతా రోజుల్లోనూ పడుకునే ఉంటే ముందు కరిగేవి తొడ కండలు. రక్తంలో పేరుకునే ఆమ్లం, చచ్చిపోయిన ఆకలి ఎలాగూ కండను తినేస్తుంటాయి. కదలకపోతే ఆ కరుగు ఇంకా తొందరపడుతుంది. బాత్రూంలో లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తోందంటే అప్పటికే ఆలస్యమవుతున్నట్టు.

ఎంత బలం ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. గట్టి చెక్క కుర్చీని గోడకి ఆనించి వేయండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, లేచేటప్పుడు వెనక్కి జారుతుంది, దాని కాళ్ళు వంగుతాయి. చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. పక్కన ఒకరు నిలబడి సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు దాటితే కాళ్ళలో బలం తగ్గినట్టే. అసలు చేతులు ఆనించకుండా లేవలేకపోయినా కంగారు పడకండి, ఆనించుకునే మొదలుపెట్టండి.

ఈ పరీక్షే మొదటి వ్యాయామం కూడా. ఐదేసి సార్లు రెండు విడతలు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. వారానికి ఒకటి చొప్పున పెంచుకుంటూ పదికి చేరండి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

రెండోది నడక. ఇటలీలో జరిగిన ఎక్సైట్ అనే అధ్యయనం 2017లో వెలువడింది. అందులో డయాలసిస్ లేని రోజుల్లో పదేసి నిమిషాల నడక రెండుసార్లు, ఇంటి దగ్గరే. ఆరు నెలలకి అలా నడిచినవాళ్ళు ఆరు నిమిషాల్లో నడవగల దూరం సగటున 328 మీటర్ల నుంచి 367కి పెరిగింది. నడక పెట్టుకోనివాళ్ళు 321 నుంచి 324 దగ్గరే ఆగిపోయారు. జిమ్ము లేదు, పరికరాలు లేవు, రోజుకి మొత్తం ఇరవై నిమిషాలు. అందుకే ఈ పద్ధతి మన ఇళ్ళకి బాగా సరిపోతుందని నా నమ్మకం. వేగం ఎంతంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. నాడి లెక్క నమ్మకండి, బీపీ కోసం వాడే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు.

మెషిన్ మీద ఉండగా కూడా చేయొచ్చు, కానీ మొదటి రెండు గంటల్లోనే. తర్వాత ఒంట్లోంచి చాలా నీరు తీసేసి ఉంటారు, అప్పుడు కాళ్ళకి పని పెడితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. ముందు టెక్నీషియన్‌కి చెప్పి, బీపీ చూపించుకోండి. పాదాలు పైకీ కిందకీ ఇరవైసార్లు, మోకాలు చాపి ఐదు సెకన్లు బిగించడం పదిసార్లు, కాలు జానెడు పైకెత్తడం పదిసార్లు. కొన్ని సెంటర్లలో మంచానికి తగిలించే సైకిల్ ఉంటుంది, పది నిమిషాలతో మొదలుపెట్టండి. సూదులున్న చెయ్యి కదపకూడదు, దాని మీద దుప్పటి కప్పకూడదు. సూది జారి రక్తం కారుతున్నా దుప్పటి కింద ఎవరికీ కనపడదు. తొడలో కాథెటర్ (డయాలసిస్ కోసం రక్తనాళంలో పెట్టే గొట్టం) ఉంటే ఆ కాలికి ఈ వ్యాయామాలేవీ వద్దు. అయిపోయాక మంచం అంచున ఐదు నిమిషాలు కూర్చుని అప్పుడు లేవండి. ఆ సాయంత్రం ఇల్లు చేరే నడక చాలు.

ఫిస్టులా అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో ధమనినీ సిరనీ ఆపరేషన్‌తో కలిపిన చోటు. ఆ చెయ్యి అంటే చాలామందికి భయం, ఏళ్ళ తరబడి దాన్ని కదపరు. గాయం మానాక మెత్తటి బంతి నొక్కడం ఆ రక్తనాళానికి మేలే, ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్ చెబుతారు. బాగా పనిచేస్తున్న ఫిస్టులా ఉన్న చేత్తో డయాలసిస్ లేని రోజు తేలికపాటి పనులు చేసుకోవచ్చు. నీళ్ళ బిందె మొయ్యడం, ఆ చెయ్యి తలకింద పెట్టి పడుకోవడం మాత్రం వద్దు. రోజూ పొద్దున్నే వేళ్ళు ఆనించి చూడండి, జుమ్మని అదరాలి. ఆ అదురు లేకపోతే వ్యాయామం సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

చెమట పట్టిందని కొబ్బరిబోండాం కొట్టివ్వడం మన అలవాటు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలాంటి చోట, కిడ్నీ జబ్బు ఎక్కువ, కొబ్బరితోటలూ ఎక్కువ, ఈ మాట గట్టిగా చెప్పాలి. ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. అది గుండె లయనే తప్పించవచ్చు. ఓఆర్ఎస్ కూడా సొంతంగా తాగొద్దు. దాహమైతే నోరు పుక్కిలించండి, లేదా ఆ రోజుకి డాక్టరు చెప్పిన కొలతలోంచే రెండు గుక్కలు. షుగరున్నవాళ్ళు ఖాళీ కడుపుతో నడవకూడదు, వట్టికాళ్ళతో అసలు వద్దు. షుగర్ పడిపోతే పళ్ళరసం బదులు మూడు నాలుగు చిన్న చెంచాల పంచదార కొద్ది నీళ్ళలో కలిపి తాగండి.

మొదలుపెట్టే ముందు గుండె పరీక్షలు డాక్టరుకి చూపించి అనుమతి తీసుకోవాలి. జ్వరం, ఛాతీనొప్పి, పడుకుంటే ఆయాసం ఉన్నా, పై బీపీ 180 దాటినా, 100 కన్నా దిగినా, ఒక డయాలసిస్ తప్పినా ఆ రోజు ఏమీ చేయకండి. రెండు రోజుల పెద్ద విరామం తర్వాత, మెషిన్ ఎక్కేముందు కూడా శ్రమ వద్దు, నీరూ పొటాషియమూ బాగా పేరుకుని ఉండేది అప్పుడే. పారాథైరాయిడ్ (ఎముకల్లోంచి కాల్షియం లాగే హార్మోన్) ఎక్కువగా ఉన్నవాళ్ళు గెంతకూడదు, మోకాలి పైన కండర స్నాయువు తెగే ప్రమాదం ఉంది.

జబ్బు చేసి వారం పది రోజులు ఆగిపోతే, ఆగిన చోటి నుంచి కాదు, సగం నుంచి మొదలుపెట్టండి. పదిసార్లు లేచేవాళ్ళు ఐదుతో.