ఎడారిలో జమ్మి చెట్లు, మా చెల్క నేల

గల్ఫ్ అంటే మా దేవరకొండ వైపు జనానికి బిల్డింగు పనో డ్రైవర్ పనో గుర్తొస్తుంది, నాకు మాత్రం చెట్ల పని దొరికింది. యూఏఈలోని అల్ ఐన్ దగ్గర ఒక ల్యాండ్‌స్కేపింగ్ కంపెనీలో డ్రిప్ లైన్లు చూస్తాను. రోడ్డు పక్క చెట్లు, విల్లాల లాన్లు, అన్నీ పైపు మీద బతికేవే.

ఇక్కడ మామూలుగా ఏడాది మొత్తం కలిపినా వంద మిల్లీమీటర్ల వాన పడదు. మన దగ్గర కరువు అన్న ఏడు కూడా అంతకు చాలా ఎక్కువే పడుతుంది. అయినా ఫెన్సింగ్ బయట, ఎవరూ నీళ్లు పోయని చోట, పెద్ద పెద్ద జమ్మి చెట్లు ఉంటాయి. అవును, మన దసరా జమ్మే, ఇక్కడ ఘాఫ్ అంటారు. 2008లో ఈ దేశం దాన్ని జాతీయ వృక్షం చేసుకుంది, 2014లో మన తెలంగాణ రాష్ట్ర వృక్షం చేసుకుంది. కింది కొమ్మలన్నీ ఒంటెలు అందినంత ఎత్తు వరకు మేసేస్తాయి కాబట్టి దూరం నుంచి చూస్తే అడుగున కత్తెర వేసినట్టు సమంగా ఉంటుంది. వేర్లు పదుల మీటర్ల లోతుకు పోతాయి, పైగా పప్పుజాతి చెట్టు కాబట్టి నత్రజనికి కూడా ఎవరి దయా అక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది ఇసుక సంగతి. ఇసుకలో నీళ్లు నిలవవు కాబట్టి అది పనికిరాని నేల అనే కదా మనం అనుకునేది. ఎడారిలో లెక్క తిరగబడుతుంది. బంకమట్టి మీద పడ్డ కొద్దిపాటి వాన పైపైనే ఆగి, ఎండకు ఆవిరైపోతుంది. ఇసుకలో పడ్డది గబగబా లోపలికి దిగుతుంది, పైన నాలుగు వేళ్ల మందం ఎండిపోయి మూతలా కూర్చుంటుంది, దాంతో అడుగున ఉన్న తడి పైకి రాదు. ఆముదం చేనులో వాన వెలిశాక నాయిన గుంటుక కొట్టేది ఇందుకే, పైమట్టి పొడిగా లేస్తే కింది తడి పైకి ఎక్కే దారి తెగిపోతుంది. 2024 ఏప్రిల్‌లో అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోపే 254.8 మిల్లీమీటర్లు పడ్డప్పుడు రోడ్ల మీదా గట్టి నేల మీదా నీళ్లు నిలిచిపోయాయి, ఇసుక తిన్నెలు మాత్రం తాగేసి ఊరుకున్నాయి.

సముద్రం వైపు పోతే సబ్ఖా అనే ఉప్పు నేలలు. భూగర్భ జలం చాలా పైన ఉంటుంది, పైకి పాకి ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. మురుగు పోని మాగాణిలో చౌడు తేలేది కూడా ఇట్లాగే.

గడ్డి ఒకదాన్ని పీకి చూస్తే వేరు పొడవునా ఇసుక అంటుకుని తొడుగులా ఉంది, దులిపినా రాలదు. వేరు విడిచే జిగురు, సన్నని నూగు కలిసి ఆ రేణువుల్ని పట్టుకుంటాయి. వేరు ఎండిపోకుండా అదే కాపలా. పొదల దగ్గర ఇంకో ముచ్చట: గాలికి కొట్టుకొచ్చే ఇసుక, ఎండుటాకులు, విత్తనాలు పొద దగ్గర ఆగి చిన్న దిబ్బ అవుతుంది, చుట్టూ బోడి నేల ఉన్నా సారమంతా ఆ దిబ్బలోనే. కదలని ఇసుక మీద కంటికి సరిగా ఆనని జీవులు పలుచని పెచ్చు కడతాయి, అది ఇసుకను లేవనీయదు. సెలవు రోజు జనం పెద్ద పెద్ద బండ్లు తెచ్చి దాని మీద తిప్పుతారు. పగిలితే మళ్లీ కట్టడానికి ఏళ్లకు ఏళ్లు పడుతుంది, అయినా సరదా సరదాయే కదా.

మా చెట్ల కథ వేరు. రోజూ కొంచెం కొంచెం పోస్తాం కాబట్టి వేర్లు ఆ తడి ముద్ద దాటి పోవు. జూలైలో ఒక్కసారి పంపు చెడిపోతే రోజుల్లోనే ఆకులు వేలాడతాయి, సూపర్‌వైజర్‌కు టెన్షన్, మాకు తిట్లు. పైగా తడి ఆగే అంచుల్లో ఉప్పు పేరుకుంటుంది, అందుకే అప్పుడప్పుడు ఎక్కువ నీళ్లు వదిలి కిందికి కడగాలి. ఇక లాన్ గురించి చెప్పేదేం లేదు, నన్నడిగితే ఈ ఎండలో లాన్ వేయడమే తప్పు.

ఇంటి దగ్గర తమ్ముడు బత్తాయి మొక్కలకు రోజూ మొదలు దగ్గరే తడుపుతున్నాడు. రోజు విడిచి రోజు, మొదలుకు దూరంగా, లోతుకు దిగేటట్టు పెట్టమని ఫోన్‌లో చెప్పా.

"అన్నా, అంతసేపు నడిపిస్తే బోరు ఎత్తిపోతది" అన్నాడు.

సగం మొక్కలకు ఒకరోజు, మిగతా సగానికి మర్నాడు పెట్టరా అన్నా. ముందు ఒక వరుసకు చేసి చూస్తానన్నాడు.