లానో నదిలో గాలానికి పడిన బాస్ చేప ఏది?

విజయవాడలో చేపలు కొనేవారికి పండుగప్పను పోల్చుకోవడం కష్టం కాదు. గుండ్రని తోక, కన్ను దాటి వెనక్కి సాగిన నోరు చూడగానే తెలిసిపోతుంది. టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు లానో నదిలో గాలానికి పడిన చేప ఫొటో పంపి, "మామయ్యా, ఇది ఏ బాస్ అంటావు?" అని అడిగితే, ఆ అలవాటుకొద్దీ ముందు నోరే చూశాను.

పండుగప్పకూ అమెరికా మంచినీటి బాస్‌లకూ చుట్టరికం లేదు గాని, నోటి కొలత అక్కడా పనికొస్తుంది. లార్జ్‌మౌత్ బాస్ నోరు మూసినప్పుడు పై దవడ కొస కంటి వెనుక అంచును దాటుతుంది. వీపు మీద ముళ్ల రెక్కకూ మెత్తని రెక్కకూ నడుమ లోతైన గండి ఉంటుంది. ఫొటోలోని చేపకు దవడ కంటి కిందనే ఆగింది, రెక్కలు కలిసే ఉన్నాయి. స్మాల్‌మౌత్ అనుకుందామంటే, దానికి కంచు రంగు ఒంటిమీద నిలువు చారలే తప్ప పొట్ట వైపు చుక్కల వరుసలు ఉండవు. ఈ చేపకు ఆకుపచ్చని పక్కల వెంట వజ్రాకారపు మచ్చలు బాగా కిందికి దిగి ఉన్నాయి. వాటి దిగువన పొలుసుల వరుసల్లో సన్నని చుక్కలు పేర్చినట్టున్నాయి. స్పాటెడ్ బాస్‌కూ ఈ చుక్కలుంటాయి గాని, మచ్చలు ఇంత కిందికి రావు; అలా దిగేది గ్వాడలూప్ బాస్‌కే.

మచ్చల లెక్క కంటే నేను నదినే ఎక్కువ నమ్ముతాను. స్పాటెడ్ బాస్ తూర్పు టెక్సాస్ చేప; లానో పారే ఎడ్వర్డ్స్ పీఠభూమి దాని సొంత తావు కాదు. గ్వాడలూప్ బాస్ అయితే సహజంగా టెక్సాస్‌లో తప్ప మరెక్కడా లేదు. 1989లో దాన్ని ఆ రాష్ట్రపు చేపగా ప్రకటించారు. ఆ పీఠభూమి మన పల్నాడులాగే సున్నపురాయి నేల. అక్కడి ఊటలతో పారే లానో వెళ్లి కొలరాడోలో కలుస్తుంది (గ్రాండ్ కాన్యన్‌లో పారే కొలరాడో వేరు, ఇది టెక్సాస్ దాటదు). నిలవనీటి జలాశయాల కంటే పారే నీరే ఈ చేపకు ఇష్టం. పెద్ద రాళ్ల చాటునో సైప్రస్ చెట్ల వేళ్ల మధ్యనో నిలబడి, ప్రవాహంలో కొట్టుకొచ్చే పురుగులనూ చిన్న చేపలనూ పట్టుకుంటుంది. రెండు కిలోలకు కూడా ఎదగదు.

అందుకే గ్వాడలూప్ బాసేనని జవాబిచ్చాను, ఒక షరతుతో. 1970ల నుంచి వేటగాళ్ల సరదా కోసం అక్కడి నదుల్లో వదిలిన స్మాల్‌మౌత్ బాస్ దీనితో కలిసి సంకర జాతిని పుట్టించింది. ఆ పిల్లలు గొడ్డుపోకుండా మళ్లీ సంతానాన్ని కంటాయి కనుక, కొన్ని చేపల రూపమంతా గ్వాడలూప్‌దే అయినా నెత్తురు కలగలుపే. దాన్ని జన్యుపరీక్ష తేల్చాలి గాని ఫొటో తేల్చలేదు.